ఎగువకు ఒక గుర్తు

బస్సు కిటికీలోంచి తువాలు వేసి సీటు ఆపుకునేవాళ్ల మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. చిలకలూరిపేట బస్టాండులోకి గుంటూరు బస్సు తిరగగానే పదిమంది దాని పక్కన పరుగెత్తుతూ తువాళ్లు, చేతిరుమాళ్లు, ఒకసారి నా కళ్లముందే ఒక ఎడమకాలి చెప్పు, లోపలికి విసిరేవారు. తలుపు దారిన మర్యాదగా ఎక్కిన నాలాంటివాడికి బస్సు ఖాళీగానే కనిపిస్తుంది. కూర్చోవడానికి మాత్రం చోటుండదు. అలా కొన్నేళ్లపాటు నేను ఉద్యోగానికి నిలబడే వెళ్లాను. ఎవరి మీదా కోపం లేదు. మోకాళ్ల గురించి చెబుతున్నాను, అంతే.

ఉద్యోగం అంటే పెద్ద మాట. గుంటూరులో ఒక పురుగుమందుల కొట్టు మీద రెండు గదులు. రెండు వేల తొమ్మిది ప్రాంతం. మిర్చి యార్డు గాలి మా కిటికీ వైపే వీచేది కాబట్టి సీజన్లో వచ్చిన కస్టమర్లందరూ ముందు తుమ్మి, తర్వాత నమస్కారం పెట్టేవారు. మేం ముగ్గురం. నేను, నాతో ఇంజనీరింగ్ చదివి నా పక్క బెంచీలో నిద్రపోయిన ప్రత్తిపాడు మిత్రుడు, మిషన్ స్కూల్లో ఏళ్లతరబడి లెక్కలూ చివర్లో కంప్యూటరూ చెప్పి మా దగ్గరకు వచ్చిన ఒక టీచరు గారు. ఆవిడ మాకంటే పదేళ్లు పెద్ద. మేమిద్దరం ఆవిడకు జీతం ఇచ్చేవాళ్లమే అయినా, ఆవిడ గదిలోకి వస్తే ఒక్కోసారి తెలియకుండా లేచి నిలబడేవాళ్లం.

కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ రాయడం మా పని. ఏ రైతు ఎన్ని టిక్కీల మిరపకాయలు పెట్టాడు, ఏ గదిలో ఏ వరసలో ఉన్నాయి, ఎప్పుడు తీసుకెళ్లాడు, ఇదంతా రాసిపెట్టేది. టిక్కీ అంటే బస్తానే. బస్తా అంటే మిరపకాయలకు చిన్నతనమని అక్కడివాళ్లు టిక్కీ అంటారని నా అనుమానం. చెప్పుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఒకటే గానీ ప్రతి స్టోరేజీవాళ్లకూ తమదైన పద్ధతి ఒకటుండేది. ఒకరికి చీటీ మీద రైతు ఊరు ముందు రావాలి, ఒకరికి తండ్రి పేరు ముందు రావాలి. సింగరాయకొండ వైపు ఒకాయనదైతే అసలు మిరపకాయలే కాదు, పొగాకు గోడౌను. ఆయనకు టిక్కీలు వద్దు, బేళ్లు కావాలి.

ఇన్ని రకాలను ఒకచోట ఉంచడానికి మేం వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఒకటి వాడేవాళ్లం. దాని పేరు ఇక్కడ అనవసరం. వాడేవాళ్లకు చెప్పక్కర్లేదు, వాడనివాళ్లకు చెప్పినా ప్రయోజనం లేదు. మనం రాసిన ప్రోగ్రాంలో ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో అది గుర్తుపెట్టుకుంటుంది. ఒక్కో కస్టమరు కోసం ఒక్కో బ్రాంచి, అంటే ప్రోగ్రాం తాలూకు విడి కాపీ, పెట్టుకోవచ్చు. ఒక బ్రాంచి ఇంకొకదాన్ని అనుసరించేలా చెప్పి ఉంచవచ్చు. పైదాంట్లో మార్పు వస్తే, కావాలనుకున్నప్పుడు కిందికి తెచ్చుకోవచ్చు.

ఇది మా మిత్రుడికి నేను అరగంట వివరించాక అతను ఒక్క ముక్కలో తేల్చాడు.

"మా చేలోకి ఏ తూము నించి నీళ్లొస్తయ్యో ఆ తూము అన్నమాట. దీనికి ఇంగ్లీషెందుకురా?"

అప్పటినుంచి మా ఆఫీసులో పై బ్రాంచిని ఎగువ అనే అన్నాం. చిక్కేమిటంటే, ఏ బ్రాంచికి ఏది ఎగువో కంప్యూటరుకు తెలుసు గానీ, దాన్ని పిలవాలంటే పూర్తి పేరు మనమే కొట్టాలి. ఆ పేర్లు పెట్టింది నేను. పొడుగ్గా, వివరంగా, ఊరితో సహా పెట్టాను. అప్పట్లో నాకు అది క్రమశిక్షణగా అనిపించింది.

ఒకరోజు మా మిత్రుడు సింగరాయకొండ గోడౌను బ్రాంచిలో పనిచేసి, దాని ఎగువ నుంచి మార్పులు తెచ్చుకున్నాడు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత ప్రత్తిపాడు కోల్డ్ స్టోరేజీ బ్రాంచిలోకి మారాడు. మళ్లీ అంత పేరు కొట్టడం ఎందుకని కీబోర్డు మీద పై బాణం నొక్కాడు. అది నొక్కితే ఇంతకుముందు ఇచ్చిన ఆజ్ఞ మళ్లీ వస్తుంది. వచ్చింది. అతను ఎంటర్ కొట్టాడు. పొగాకుకు రావలసిన నీళ్లు మిరపచేలోకి పారాయి. ఆ మధ్యాహ్నం స్టోరేజీవాళ్లకు కొత్త కాపీ కూడా పంపేశాడు.

మర్నాడు పదింటికి స్టోరేజీ యజమాని ఫోను.

"ఏవండీ, మా మిరపకాయలు ఎప్పుడు పొగాకైనయ్యండీ?"

"ఏమైందండీ?"

"చీటీ మీద బేలు నంబరు అంటది, ఆకు గ్రేడు అంటది. రైతు ఆ చీటీ పట్టుకోని నా ఎదురుగా కూర్చున్నాడు. నా కాయకి ఆకు గ్రేడెంతో చెప్పందే లేవనంటన్నాడు. మీరే చెప్పండి ఆయనకి."

ఫోను నిజంగానే ఆ రైతు చేతికి ఇచ్చాడు. నేను క్షమాపణ చెప్పాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "సరే గాని, గ్రేడెంతండీ?" అన్నాడు.

ఆ సాయంత్రమే నాకు ఆలోచన వచ్చింది. పేరుతో పనిలేకుండా, "నేను నిలబడ్డ బ్రాంచికి ఏది ఎగువో అది" అని చెప్పడానికి ఒక చిన్న గుర్తు ఉంటే? అప్పుడు మా మిత్రుడు పై బాణం ఎన్నిసార్లు నొక్కినా ఫరవాలేదు. సింగరాయకొండలో ఉండి కొడితే పొగాకు ఎగువ, ప్రత్తిపాడులో ఉండి కొడితే మిరప ఎగువ. ఆజ్ఞ ఒకటే, అర్థం నిలబడ్డచోటును బట్టి.

ఆ సాఫ్ట్‌వేర్ ఎవరి సొత్తూ కాదు. ప్రపంచంలో ఓపికున్నవాళ్లంతా కలిసి ఒక మెయిలింగ్ లిస్టులో వాదించుకుంటూ తయారుచేసేవారు. మార్పు కావాలంటే ఎవరైనా రాసి పంపవచ్చు. నచ్చితే వేస్తారు, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో నాలుగు పేజీలు రాస్తారు. చూస్తే, ఇలాంటి పొట్టి గుర్తు ఒకటి కావాలని అక్కడ అప్పటికే ఒకరిద్దరు అడుగుతున్నారు. ఏ గుర్తన్నది ఎవరూ తేల్చలేదు.

నాకు ఒళ్లు ఝల్లుమంది. మా వంశంలో ఇంతవరకూ అచ్చులో పడినవి పెళ్లి శుభలేఖలు మాత్రమే. అలాంటిది, నేను ఎంచిన ఒక గుర్తును ఎక్కడెక్కడివాళ్లో రోజుకు పదిసార్లు కొడతారు. నా పేరు అక్కర్లేదు. గుర్తు నాదైతే చాలు. ఇంత వినయమైన కోరిక నాకు అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ కలగలేదు.

మర్నాడు పొద్దున్న తెల్లబోర్డు మీద కీబోర్డులోని గుర్తులన్నీ రాశాను. మా మిత్రుడు టీ గ్లాసుతో వచ్చి చూశాడు.

"ఎగువంటే పైకే గదా. బాణం పెట్టు."

కుడివైపు చూసే బాణం గుర్తు చూపించాడు. అది కొడితే కంప్యూటరు, ఆజ్ఞకు వచ్చిన జవాబును దాని పక్కనున్న ఫైల్లోకి పోసేస్తుందని, ఫైల్లో ముందున్నది పోతుందని చెప్పేలోపే అతను తన మిషను మీద కొట్టి చూశాడు. నాలుగు రోజులుగా అతను తయారుచేస్తున్న గదుల పట్టిక పోయింది.

"అయితే బాణం వద్దు," అన్నాడు. అతనిలో ఆ గుణం ఉంది. ఒకసారి చెబితే చాలు.

అండ్ గుర్తు పెడదామా అంటే, అది కొట్టగానే కంప్యూటరు పనిని చాటుకు తీసుకెళ్లి చేస్తుంది. ఆశ్చర్యార్థకం పెడితే పాత ఆజ్ఞలు తవ్వి తీస్తుంది. హ్యాష్ పెడితే దాని తర్వాత రాసినదంతా లేనట్టే లెక్క. నక్షత్రం అంటే ఫైళ్లన్నీ. టోపీ గుర్తు ఆ వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేరులోనే ఇంకో పనికి ఉంది. పాము మెలిక గుర్తుకు ఇక్కడొకటి, అక్కడొకటి, రెండు ఉద్యోగాలు. కీబోర్డంతా ఖాళీగానే కనిపిస్తుంది, ప్రతి గుర్తు మీదా ఎవరో ముందే కిటికీలోంచి తువాలు వేసి ఉన్నారు.

చివరికి శాతం గుర్తు మిగిలింది. అటు గుండ్రం, ఇటు గుండ్రం, మధ్యలో ఏటవాలు గీత. చూస్తుంటే పై చేను, కింది చేను, మధ్యలో పంట కాలవలాగే ఉంది. బ్రాంచి పేరు చివర శాతం గుర్తు పెడితే దాని ఎగువ, పేరే లేకుండా ఉత్త శాతం కొడితే ప్రస్తుతం మనమున్న బ్రాంచికి ఎగువ. ఒకే ఒక్క మీట! నేను కుర్చీలోంచి లేచి గదిలో రెండుసార్లు తిరిగాను. గది చిన్నది కాబట్టి రెండు తిరుగుళ్లంటే ఎనిమిది అడుగులు.

మూడు రోజులు కూర్చుని ఆ మార్పు రాశాను. రాసిన లైన్లు యాభైకి మించవు. ఉత్త శాతం కొట్టాను. ఎగువ పలికింది. మళ్లీ కొట్టాను. మళ్లీ పలికింది. పని లేకపోయినా ఇంకో పదిసార్లు కొట్టాను. మా మిత్రుణ్ణి పిలిచి అతనిచేత కొట్టించాను. కింద పురుగుమందుల కొట్టాయన నీళ్ల మోటారు తాళం కోసం పైకొస్తే ఆయనచేత కూడా ఒకసారి కొట్టించాను. ఆయన కొట్టి, "బానే ఉంది," అన్నాడు. సభ్యతగల మనిషి.

ఇక లిస్టుకు మెయిలు రాయాలి. నా ఇంగ్లీషు దిద్దేది టీచరు గారు. ఆవిడ వాళ్ల చర్చి సభలకని వారం సెలవులో ఉన్నారు. వారం ఆగవచ్చు. ప్రపంచంలో ఇంకెవరికో ఇదే గుర్తు తడితే? ఆగలేదు. రాసి పంపాను. అందులో ఒక వాక్యం నాకు ఎంతగా నచ్చిందంటే, దాన్ని పేరా చివర్నుంచి తీసి మొదట్లో పెట్టాను: బుద్ధున్న మనిషెవరూ బ్రాంచి పేరు చివర శాతం గుర్తు పెట్టరు, కాబట్టి దీనివల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పొద్దున్నే వచ్చి చూస్తే తొమ్మిది జవాబులు! ఒకతను బాగుందన్నాడు. ఇంకొకతను ఇలాంటిదాని కోసమే చూస్తున్నానన్నాడు. ఒకతను నా కోడులో మూడు తప్పులు చూపించి, ఆలోచన మాత్రం మంచిదన్నాడు. లిస్టులో పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన సరే అంటే సరే. ఆయన రెండే లైన్లు రాశాడు. "బ్రాంచి పేర్లలో ఈ గుర్తు వాడకూడదన్న నిషేధం ఇప్పటివరకు లేదు. ఎవరైనా ఇప్పటికే వాడుతుంటే వాళ్ల సంగతి?"

"అలాంటి మనిషిని ఒక్కరిని చూపించండి," అని నేను రాశాను. ఇంత ధీమాగా నేను పెళ్లిచూపుల్లో కూడా మాట్లాడలేదు.

రెండు రోజులు ఎవరూ చూపించలేదు. మూడో రోజు పెద్దమనిషి మళ్లీ రాశాడు. ఇంకెవరూ అభ్యంతరం చెప్పకపోతే వచ్చేవారం తీసుకుందామన్నాడు. నేను ఆ మెయిలు ప్రింటు తీశాను. మా ఆవిడ ఆదివారం వాడరేవు వెళ్దామంటే, సముద్రం ఎక్కడికీ పోదు, మెయిలు వస్తుందేమో ఉండాలన్నాను. మా మిత్రుడైతే కస్టమర్లకు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. "మా వాడి గుర్తు ప్రపంచమంతా వేస్తన్నారండీ!" స్టోరేజీ యజమాని అది బస్తాల మీద వేసే రంగు గుర్తనుకొని, ఏ రంగులో వేస్తున్నారని అడిగాడట.

సోమవారం టీచరు గారు వచ్చారు. నేను తలుపు దగ్గరే ఎదురెళ్లి ప్రింటు కాగితాలు చేతిలో పెట్టాను. ఆవిడ కుర్చీలో కూర్చుని, కళ్లజోడు సవరించుకుని, మొదటి పేజీ చదివారు. మళ్లీ మొదటి పేజీ చదివారు. ఒక చోట పెన్నుతో ఇంగ్లీషు తప్పు దిద్దారు. తర్వాత కంప్యూటరు ఆన్ చేసి నా వైపు తిరిగారు.

"బాబూ, ఒకసారి ఇలా రండి."

తెర మీద ఆవిడ పనిచేసే బ్రాంచిల పట్టిక ఉంది. నేను వాటిని ఎప్పుడూ చూడలేదు. ఆవిడ పని చూడాలని నాకు గానీ మిత్రుడికి గానీ ధైర్యం ఉండేది కాదు.

విషయమేమిటంటే, స్టోరేజీలో నెలలకొద్దీ ఉన్న కాయ కొంత బరువు తగ్గుతుంది. దాన్ని తరుగంటారు. ఒక స్టోరేజీవాళ్లు నూటికి ఒకటి తరుగు ఒప్పుకుంటారు, ఒకరు రెండు, ఒకరు రెండున్నర. ఆ లెక్క ప్రకారం ప్రోగ్రాం మారాలి. టీచరు గారు లెక్కల టీచరు. ఆవిడ తన బ్రాంచిలకు ఊళ్ల పేర్లు పెట్టలేదు. వరసగా ఉన్నాయి: తరుగు, పక్కన ఒకటి, ఆ పక్కన శాతం గుర్తు. తరుగు, రెండు, శాతం గుర్తు. తరుగు, రెండున్నర, శాతం గుర్తు. అన్నిటికీ పైన, శాతం గుర్తు లేకుండా ఉత్త తరుగు-రెండు అని ఇంకొకటి.

"ఇదేంటండీ, ఈ పైనున్నది?"

"అది మొదట పెట్టుకున్న చిత్తుప్రతండి. ఇప్పుడు నేను తరుగు రెండు శాతం అని కొడితే, మీ గుర్తు ప్రకారం అది నా బ్రాంచా, ఈ చిత్తుప్రతికి ఎగువా?"

ఆవిడ కాగితం నా ముందుకు జరిపారు.

"బుద్ధున్న మనిషెవరూ అని రాశారు. నేను పెట్టానండి. ఎనిమిది నెలలైంది."

ప్రపంచం మొత్తంలో ఒక్కరిని చూపించమన్నాను. ఆ ఒక్కరూ నా కుర్చీకి ఆరడుగుల దూరంలో కూర్చుని ఉన్నారు.

మా మిత్రుడు కుర్చీతో సహా జరిగి వచ్చాడు. "ఓసి ఇంతేనా! పేరు మార్చేస్తే పోయిద్ది. ఎవరికి తెలిసిద్దిరా ఇక్కడ గుంటూర్లో ఏం పెట్టుకున్నామో?"

"మార్చమంటే మారుస్తానండి, రెండు నిమిషాల పని," అన్నారు టీచరు గారు. "కానీ కొలతలతో పని చేసేవాళ్లు మనమొక్కళ్లమే ఉంటామాండీ? పాలవాళ్లుంటారు, నూనె మిల్లులవాళ్లుంటారు. వాళ్లకు మీ లిస్టు సంగతే తెలియకపోవచ్చు."

నేను కిందికి వెళ్లి టీ తాగాను. అది అయ్యాక ఇంకో టీ తాగాను. రెండు నిమిషాల పని. అటు చూస్తే పెద్దమనిషి వచ్చేవారం తీసుకుందామన్నాడు. ఇటు చూస్తే, తనకు తెలియకుండానే తన బ్రాంచి ఇంకేదో అయిపోయి ఆశ్చర్యపోయే ఒక నూనె మిల్లు మనిషి. ఆకు గ్రేడెంతండీ అని అడిగిన రైతు గొంతు నాకు ఇంకా చెవిలో ఉంది. పైకొచ్చి మెయిలు రాశాను. ఈసారి టీచరు గారు దిద్దారు.

"నేను అడిగిన మనిషి దొరికారు. మా ఆఫీసులోనే ఉన్నారు. మా ముగ్గురిలో బుద్ధున్నవారు ఆవిడే." కింద తరుగు బ్రాంచిల పట్టిక మొత్తం పెట్టాను.

ఆ తర్వాత జరిగిన సందడి నేను ఊహించనిది. ఇరవైకి పైగా మెయిళ్లు! నా గుర్తుకు వచ్చిన జవాబులకంటే నా తప్పుకే ఎక్కువ వచ్చాయి. మంచు కురిసే దేశంనుంచి ఒకతను, చల్లటి గదిలో పెట్టినా మిరపకాయ బరువెందుకు తగ్గుతుందని అడిగాడు. తేమ గురించి, తొడిమ గురించి, కాయ ఎండబెట్టే కళ్లాల గురించి నేను మూడు పేరాలు రాశాను. ఆ లిస్టులో నేను రాసినవాటిలో ఒక్క తప్పూ ఎవరూ పట్టని మెయిలు అదొక్కటే. వారంపాటు అక్కడ ఎవరు ఏ గుర్తు చెప్పినా ఇంకొకరు "తరుగు వాళ్ల మాటేమిటి?" అనేవారు. మా కాయ తరుగు మీద దేశదేశాలవాళ్లు వాదించుకోవడం నేను పొద్దున్నే వచ్చి, టిఫిను కూడా మానేసి చదివేవాణ్ణి.

చివరికి పెద్దమనిషే దారి చూపించాడు. కొత్త గుర్తు వెతకొద్దు, బ్రాంచి పేర్లలో ఇప్పటికే కుదరదని నిషేధించిన జంట ఏదుందో చూడమన్నాడు. ఒకటుంది. మెయిలు అడ్రసుల్లో వాడే అట్ గుర్తు, దానిని అంటుకొని ఒక ఫ్లవర్ బ్రాకెట్. ఆ రెండూ పక్కపక్కన ఏ బ్రాంచి పేరులోనూ రావు, టీచరు గారి పేర్లలో కూడా. ఆ బ్రాకెట్ లోపల ఎగువ అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాట పెడితే సరి. బద్ధకస్తులకు ఆ మాటలో మొదటి అక్షరం ఒక్కటే చాలు. ఇంకెవరో కుర్రవాడు దాన్ని రెండు రోజుల్లో రాసి పంపాడు. నా యాభై లైన్లకంటే బాగా రాశాడు. అది చెప్పడానికి నాకేం కష్టంగా లేదు. కొంచెం కష్టంగా ఉంది.

కొన్ని నెలలకు కొత్త వెర్షన్ విడుదలైంది. మా బ్రాడ్‌బ్యాండు మీద అది దిగేసరికి పొద్దుటి పని గంటలన్నీ అయిపోయాయి. దిగగానే మా మిత్రుడి మిషను మీద వేసి, అతన్నే కూర్చోబెట్టాను. సింగరాయకొండ బ్రాంచిలో ఉండి ఒకసారి కొట్టించాను. ప్రత్తిపాడులోకి మారి, పై బాణం నొక్కి, అదే ఆజ్ఞ కొట్టించాను. పొగాకు పొగాకుగా ఉంది. మిరపకాయ మిరపకాయగా ఉంది. టీచరు గారి తరుగు-రెండు-శాతంలో కొట్టించాను. దాని ఎగువే పలికింది, చిత్తుప్రతి జోలికి వెళ్లలేదు. నేను అరిచిన అరుపుకు కొట్టాయన కింద పని వదిలేసి మెట్లెక్కి వచ్చాడు.

బస్టాండు దగ్గర్నుంచి కిలో మైసూర్‌పాక్ తెచ్చి అందరికీ పంచాను. కొట్టాయన రెండు ముక్కలు తీసుకుని, మళ్లీ మోటారు తాళం అడిగి, వెళ్లిపోయాడు. టీచరు గారు ఒక ముక్క కాగితంలో పొట్లం కట్టుకున్నారు. మా మిత్రుడు తెరవైపు చూస్తూ, నములుతూ అడిగాడు.

"ఇందులో నీ గుర్తు ఏదిరా?"

లేదని చెప్పాను. ఎందుకు లేదో, అట్ గుర్తూ ఫ్లవర్ బ్రాకెట్టూ ఎందుకు మెరుగో, రాసిన కుర్రవాడు ఎవరో, మన తరుగు సంగతి ఆ చర్చలో ఎంత పనికొచ్చిందో, అన్నీ ఉత్సాహంగా వివరించాను. అతను ఇంకో ముక్క తీసుకున్నాడు.

"ఆ రోజు టీచరు గారి బ్రాంచికి పేరు మార్చేసి నోరు మూసుకోనుంటే, ఇయ్యాళ నీ గుర్తే ఉండేది గదరా."